గాజుల చేతికి బీపీ చూసిన రోజు

జనగామ నుంచి నన్ను మహబూబాబాద్ జిల్లాకు బదిలీ చేసింది కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడు, వానలు ఇంకా పట్టకముందు. తొర్రూరు దాటి బాగా లోపలికి పోతే వచ్చే ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పబ్లిక్ హెల్త్ నర్సు పోస్టు. రిటైర్మెంటుకు ముందు అదే నా చివరి పోస్టింగు.

పబ్లిక్ హెల్త్ నర్సు అంటే ఏం చేస్తుందో నా మాటలు రాసిపెడుతున్న నువ్వే మొన్న అడిగావు కదా, చదివేవాళ్లకూ అదే అనుమానం వస్తుంది, ముందు అది రాయి. ఊళ్లో ఇల్లిల్లూ తిరిగేది ఆశ కార్యకర్త. ఆశల మీద ఏఎన్ఎం ఉంటుంది, ఒక్కో ఏఎన్ఎం చేతికింద ఒక సబ్ సెంటరు. ఏఎన్ఎంల మీద సూపర్‌వైజర్లు. వాళ్లందరి పని సరిగ్గా జరుగుతోందా లేదా అని చూసేది పబ్లిక్ హెల్త్ నర్సు. ఆమె మీద మెడికల్ ఆఫీసరు, అంటే డాక్టరు. జనానికి ఈ మెట్లేవీ పట్టవు. తెల్లచీర కట్టుకున్న ప్రతి మనిషీ వాళ్లకు సిస్టరమ్మే. నాకూ ఆ పిలుపే ఇష్టంగా ఉండేది.

మా సబ్ సెంటర్లలో ఒకదానికి సరిత అనే అమ్మాయి ఏఎన్ఎం. లంబాడా పిల్ల, వేరే తండాలో పుట్టి పెరిగింది. చురుకైనది, పనికి వెనకాడదు. ఒకరోజు పొద్దున టీకాల డబ్బా తీసుకోవడానికి వచ్చి, పోకుండా నా టేబుల్ దగ్గరే నిలబడింది. ఏమైందమ్మా అన్నాను. ఒక గర్భిణికి తను ఇప్పటిదాకా ఒక్కసారి కూడా బీపీ చూడలేకపోయానని చెప్పింది. ఎనిమిదో నెల. చేతులకు మణికట్టు నుంచి భుజం దాకా గాజులు. పట్టీ చుట్టడానికి చోటే లేదు.

"ఎందుకు తియ్యరట?" అన్నాను.

"తీస్తే ఊకుంటరా మేడం? నిన్న నేను కటింగ్ ప్లేయర్ తీసుకపోయిన. ఆమె అత్త, ముసలామె, నా సంచి గుంజుకొని బయట పడేసింది. మన పిల్లవై ఉండి గీ పని చేస్తవా అని తండా అంత వినేటట్టు తిట్టింది."

ఇప్పుడు లంబాడా ఆడపిల్లలు చాలామంది చీరలే కడుతున్నారు, చేతికి నాలుగు గాజులు వేసుకుని ఊరుకుంటున్నారు. మరి ఈ అమ్మాయికి ఆ నిండు గాజులు ఎందుకంటే, దానికో కథ ఉంది. ఆమె పేరు సోన. అంతకుముందు రెండు కాన్పులు పోయాయి. ఒకటి కడుపులోనే పోయింది, ఇంకొకటి పుట్టి పోయింది. పాత పద్ధతి గాజులు వదిలేసినందుకే అలా జరిగిందని అత్త మనసులో పడింది. అందుకని మూడోసారి నెల తప్పగానే పెద్దవాళ్లతో రెండు చేతులకూ నిండా తెల్లటి ప్లాస్టిక్ గాజులు వేయించింది. కాన్పు అయ్యేదాకా తియ్యకూడదని మొక్కు. పైగా సోన భర్త పుణెలో సెంట్రింగ్ పనికి పోయి ఉన్నాడు. మగడు దూరాన ఉండగా ఆలి చేతి గాజులు కొయ్యడమంటే ఏమిటో నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

తలనొప్పి ఏమైనా అంటోందా అని సరితను అడిగాను. మూడు రోజుల నుంచి నొస్తోందట. కాళ్లవాపు ఉందా అంటే, ఉంది కానీ ఎనిమిదో నెలలో అందరికీ ఉంటుంది కదా మేడం అంది. నేను కుర్చీలోంచి లేచాను.

ఎందుకు లేచానో చెబుతాను. గర్భిణులకు ఒక జబ్బు వస్తుంది, ప్రీ ఎక్లాంప్సియా అంటాం. కడుపులో బిడ్డను పోషించే మాయ సరిగ్గా నాటుకోకపోతే దాని ప్రభావం తల్లి రక్తనాళాల మీద పడుతుంది. అవి బిగుసుకుంటాయి, బీపీ పెరుగుతుంది. మూత్రపిండాలు వడపోతలో పట్టి ఉంచాల్సిన ప్రోటీన్‌ను వదిలేస్తాయి. ఒంట్లో నీరు చేరుతుంది. అప్పటికీ ఎవరూ పట్టించుకోకపోతే ఫిట్స్ వస్తాయి. ఫిట్స్ వచ్చాక దాని పేరు ఎక్లాంప్సియా. అప్పుడు తల్లి దక్కడమే కష్టం. ఈ జబ్బు మొదట్లో నొప్పి పెట్టి చెప్పదు. బీపీ చూస్తేనే బయటపడుతుంది. ఆ అమ్మాయికేమో బీపీ చూసే దారి లేదు.

దారి లేదన్నది సరిత మాట. నాకు ఒక దారి తెలుసు. అంతకు చాలా ఏళ్ల ముందు భూపాలపల్లి వైపు పనిచేస్తున్నప్పుడు, ట్రాక్టర్ బోల్తాపడి రెండు చేతులకూ కట్లు పడిన ఒక రైతుకు మా డాక్టరమ్మ తొడ మీద బీపీ చూసింది. చూసి ఊరుకోలేదు. నన్ను కూర్చోబెట్టి, నాకు చేతనయ్యేదాకా నాతో చేయించింది. గుండె నుంచి బయలుదేరిన రక్తం ధమనుల్లో పారుతుంది. చేతిలో పారేదాన్ని బ్రేకియల్ ఆర్టరీ అంటారు, మోచేతి మడతలో లోపలివైపు వేలు పెడితే కొట్టుకోవడం తెలుస్తుంది. మనం మామూలుగా బీపీ చూసేది అక్కడే. తొడలో పారే పెద్ద ధమని మోకాలి వెనుక గుంటలోకి దిగుతుంది. దాన్ని పాప్లిటియల్ ఆర్టరీ అంటారు. తొడకు పట్టీ చుట్టి, ఆ గుంటలో స్టెతస్కోప్ పెడితే చేతి దగ్గర వినపడే చప్పుళ్లే ఇక్కడా వినపడతాయి. చేతి పట్టీ తొడకు చాలదు. చిన్న పట్టీ చుడితే లెక్క తప్పుగా పైకి చూపిస్తుంది. లావుపాటి వాళ్ల కోసం వచ్చిన వెడల్పు పట్టీ ఒకటి మా స్టోర్‌రూములో అట్టపెట్టెలో అలాగే ఉంది. అది సంచిలో వేసుకున్నాను. మా డాక్టరు గారికి విషయం చెప్పాను. వరంగల్ కుర్రాడు, ఉద్యోగంలో కొత్త, నిదానస్తుడు. పోయి చూసి అక్కడి నుంచే ఫోన్ చేయండి సిస్టర్, అంబులెన్స్‌కు నేను చెప్పి ఉంచుతాను అన్నారు.

తండాలో సోన ఇల్లు చివర, మిరప చేలకు ఆనుకుని ఉంది. అత్త పేరు ద్వాలి. గుమ్మంలోనే అడ్డంగా కూర్చుంది. నా వెనక సరితను చూడగానే మొహం ముడుచుకుంది.

"ఈసారి పెద్దామెను తోలుకొచ్చినవా? గాజులు కొయ్యనీకి ఇద్దరు గావాల్నా?"

"కొయ్యనీకి రాలేదు అవ్వా. నా సంచిల చూసుకో, కత్తెర గూడ లేదు" అన్నాను.

నిజంగానే సంచి లాక్కుని చూసింది. చూసి పక్కకు జరిగింది. నేను లోపలికి పోయాను.

సోన మంచం మీద పడుకుని ఉంది. దగ్గర కూర్చున్నాక నేను మొదట గమనించింది ఆమె గాజుల్నే. చెయ్యి ఎత్తినా దించినా గాజు మీద గాజు కదలడం లేదు. మోచేతి పైన గాజుకూ గాజుకూ మధ్య చర్మం ఉబ్బి పైకి వచ్చింది. ఎప్పటి నుంచి ఇట్లా బిగుసుకున్నాయని అడిగితే, వారం కింద వదులుగానే ఉండేవంది. ఇక్కడ ఒక మాట వివరంగా రాయి. గర్భిణికి సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బడం మామూలే. పొద్దున లేచేసరికి తగ్గుతుంది. కానీ మొహం, చేతులు, అదీ కొద్దిరోజుల్లోనే ఉబ్బితే దాన్ని వదిలేయకూడదు. నీరు చేరడాన్ని ఎడీమా అంటాం. మోకాలి కింద ముందరి ఎముక మీద బొటనవేలితో కాసేపు నొక్కి వదలాలి. గుంట పడి అలాగే ఉంటే అది ఎడీమా. సోన కాలి మీద పడిన గుంట నేను వేలు తుడుచుకుని చూసేదాకా పూడలేదు. బీపీ చూడకముందే ఆ గాజులు నాకు సగం సంగతి చెప్పాయి.

"కండ్లు మంచిగనే కనవడుతున్నయా బిడ్డా?" అన్నాను.

"మిణుగురులు తిరిగినట్టు అయితున్నది సిస్టరమ్మా. పొద్దున నుంచి."

సంచిలోంచి పెద్ద పట్టీ తీసి, తొడ మీద చూస్తానని ద్వాలికి చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"నొస్తున్నది తలకాయ. నువ్వు మోకాలి కాడ చూస్తవా? గిదేం సదువు?"

సరిత నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగింది. నాకూ నవ్వొచ్చింది కానీ ఆ అడగడంలో తప్పేమీ లేదు. నేను చేనువైపు చెయ్యి చూపించాను. "మీ బోరు మోటరు ఆడ ఉన్నది. డ్రిప్పు పైపులు చేనంత పరిచిన్రు. మోటరు ఎంత జోరుగ కొడుతున్నదో తెల్వాల్నంటే మొదటి పైపు కాడనే చూడాల్నా?"

"ఏడ చూసినా తెలుస్తది" అంది.

"గుండె మోటరు అవ్వా. చేతిల పైపు మీ గాజుల కింద ఉన్నది. నేను కాలు పైపు కాడ చూస్త."

ద్వాలి చేనువైపు చూసింది. "గట్టు మీద పైపుకు జోరు తక్కువుంటది, పల్లంల ఎక్కువుంటది. మరి గదెట్ల?" అంది. మంచి ప్రశ్న. అందుకే మనిషిని నిలబెట్టి కాలి మీద బీపీ చూడకూడదు. పడుకోబెడితే గుండె, తొడ ఒకే ఎత్తులోకి వస్తాయి. నిండు గర్భిణిని వెల్లకిలా కూడా పడుకోబెట్టకూడదు. కడుపు బరువు వెన్నెముక పక్కన ఉండే పెద్ద సిర మీద పడి గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది. అందుకని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాం. ద్వాలి ఆమె లంగా సర్దుతూ మంచం పక్కనే నిలబడింది.

పట్టీలోకి గాలి కొట్టి మెల్లగా వదులుతూ వింటే, టక్ మని మొదటి చప్పుడు వినపడిన చోటును సిస్టోలిక్ అంటాం. గుండె ముడుచుకుని రక్తాన్ని నెట్టినప్పటి ఒత్తిడి అది. చప్పుడు పూర్తిగా ఆగిపోయిన చోటు డయాస్టోలిక్, గుండె వదులైనప్పటి ఒత్తిడి. సోనకు మొదటి చప్పుడు నూట తొంభై దగ్గర వినపడింది. నూట పన్నెండు దగ్గర ఆగిపోయింది. కాసేపు ఆగి మళ్లీ చూశాను. అంతే ఉంది.

ఇక్కడ తొందరపడకూడదు. తొడ మీద పై అంకె చేతి మీద కన్నా ఎక్కువే వస్తుంది, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు కూడా. ఎంత ఎక్కువ అన్నది మనిషిని బట్టి, పట్టీని బట్టి మారుతుంది. సరితను పక్కింటికి పంపించాను. అక్కడ కవిత అని ఇంకో గర్భిణి ఉంది, అవే నెలలు, చీర కట్టుకునే పిల్ల, చేతులు ఖాళీ. ఆమెను కూడా అలాగే ఎడమ పక్కకు పడుకోబెట్టి ముందు చేతి మీద చూశాను. పై అంకె నూట పన్నెండు. అదే పెద్ద పట్టీతో తొడ మీద చూస్తే నూట ముప్పై నాలుగు. ఇద్దరి ఒళ్లు ఒకటి కాదు, ఇది కొలతకు అందిన అంచనా మాత్రమే. కింది అంకె మాత్రం రెండు చోట్లా దాదాపు ఒకటే వచ్చింది. అంటే సోనకు చేతి మీద చూస్తే పైది నూట డెబ్బై దగ్గర ఉండాలి, కిందిది నూట పది దగ్గర. ఏ రకంగా చూసినా ప్రమాదమే.

డాక్టరు గారికి ఫోన్ చేసి రెండు కొలతలూ చెప్పాను. పై అంకెను తగ్గించి చూసుకుందాం, కింది అంకెను నమ్ముదాం సిస్టర్, మూత్రం చూశారా అన్నారు.

సరిత దగ్గర పరీక్ష పట్టీలు ఉన్నాయి. ముంచితే రంగు మారింది, ప్రోటీన్ చాలా ఎక్కువని చూపించింది. అయినా నేను పాత పద్ధతి కూడా చేశాను. అందులో సందేహం తీరడం ఒకటి, ద్వాలి కళ్లారా చూడడం ఒకటి. పరీక్ష నాళికలో మూత్రం పోసి పైభాగాన్ని మంట మీద కాచాలి. తెల్లగా మారితే రెండు మూడు చుక్కలు ఎసిటిక్ యాసిడ్ వెయ్యాలి. ఆ తెలుపు కరిగిపోతే అది ప్రోటీన్ కాదు. కరగకపోతే అది ప్రోటీనే. సోనది గుడ్డులో తెల్లసొన ఉడికినట్టు పేరుకుంది. యాసిడ్ వేసినా చెదరలేదు. కవితది కాచినా నీళ్లలా తేటగానే ఉంది. రెండు నాళికలూ ద్వాలి చేతికిచ్చాను.

ఆమె వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసింది. "గీ తెల్లది పిల్లకు పోవాల్సిందా?"

"తల్లి నెత్తుట్ల ఉండాల్సింది. బయటికి పోతున్నది. తల్లికే సాలకపోతే కడుపుల బిడ్డకేం మిగులుతది?"

"మొదటి రెండు గట్లనే పోయినయా?"

తెలియదన్నాను. అప్పుడు ఎవరూ చూడలేదు కాబట్టి తెలియదు. లేనిది కల్పించి భయపెట్టడం మా పని కాదు. ద్వాలి నాళికలు సరితకిచ్చి లోపలికి పోయింది. కోడలి బట్టలు మూట కట్టుకుని వచ్చింది. అడ్డం చెప్పలేదు. కానీ గుమ్మం దాటేముందు నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"వస్తం సిస్టరమ్మా. గాజులు మాత్రం ముట్టొద్దు. నా కొడుకు పానం ఆ గాజులల్ల ఉన్నది."

నేను ఒప్పందం లాంటిది చేసుకున్నాను. బీపీ కోసం ముట్టుకోను. సూది కోసం ముట్టుకోను, అరచేతి వెనక నరం ఖాళీగానే ఉంది. కానీ ఒక్కటి. సోన చూపుడువేలి గోరు నొక్కి వదిలి చూపించాను. గోరు తెల్లబడి వెంటనే ఎర్రబడింది. చేతిలోకి రక్తం వస్తోందనడానికి అది గుర్తు. "ఈ గోరు ఎర్రబడుడు ఆగితే గాజులు చేతిని చంపుతున్నట్టు. అప్పుడు నేనే కోస్త. నువ్వు అడ్డం రావద్దు." ద్వాలి కోడలి గోరును తను కూడా ఒకసారి నొక్కి చూసుకుని తల ఊపింది.

అంబులెన్స్‌లో దారంతా ఆమె పని అదే. కోడలి వేళ్లు ఒక్కొక్కటే నొక్కడం, చూడడం. కుడిచెయ్యి అయ్యాక ఎడమచెయ్యి, ఎడమచెయ్యి అయ్యాక మళ్లీ కుడిచెయ్యి. నేను చెప్పింది ఒక్క గోరు, ఆమె పది గోళ్లూ కాపలా కాసింది.

ఆరోగ్య కేంద్రంలో డాక్టరు గారు గుమ్మంలోనే ఉన్నారు. మోకాలి చిప్ప కింద ఉండే స్నాయువు మీద చిన్న సుత్తితో తడితే కాలు కొంచెం ఎగురుతుంది, దాన్ని మోకాలి రిఫ్లెక్స్ అంటారు. సోన కాలు డాక్టరు గారి మోచేతికి తగిలేంతగా ఎగిరింది. నరాలు రెచ్చిపోయి ఉన్నాయి, ఫిట్స్ ఎంతో దూరంలో లేవని అర్థం. మెగ్నీషియం సల్ఫేట్ మొదటి డోసు రెండు పిరుదుల్లోనూ నేనే ఇచ్చాను. ఆ మందు ఫిట్స్‌ను ఆపుతుంది. ఎక్కువైతే రిఫ్లెక్స్‌నూ, ఊపిరినీ కూడా ఆపుతుంది. అందుకే ఇచ్చేముందు మోకాలు తట్టాలి, ఊపిరి చూడాలి, మూత్రం వస్తోందో లేదో చూడాలి. బీపీ తగ్గడానికి మాత్ర కూడా ఇచ్చాం. జిల్లా దవాఖానకు తీసుకుపోవడానికి బండి అలాగే నిలబడి ఉంది.

అప్పుడు ద్వాలి నన్ను పిలిచింది. గొంతు పెంచలేదు.

"సిస్టరమ్మా, జర గిటు చూడు. ఎడమచెయ్యి ఎర్రగయితలేదు."

వెళ్లి నొక్కాను. తెల్లబడిన గోరు అలాగే ఉండిపోయింది. వేళ్లు చల్లగా ఉన్నాయి, సోనకు తిమ్మిరి పట్టింది. ఎడమ పక్కకు పడుకోబెట్టి తీసుకొచ్చాం కదా, ఉబ్బిన చెయ్యి కింద పడి ఇంకా బిగుసుకుంది. కుడిచెయ్యి బాగానే ఉంది. నేను ద్వాలి మొహంలోకి చూశాను. అనాల్సింది తండాలోనే అనేశాను.

ఆమె జాకెట్‌లోంచి ఫోన్ తీసి సరితకిచ్చింది. "నా కొడుక్కు కొట్టు" అంది.

పుణెలో అతను పనిమీద ఉన్నట్టున్నాడు, వెనకాల ఇనుము కొడుతున్న మోత వినిపిస్తోంది. ద్వాలి స్పీకర్ పెట్టించి ఫోన్‌ను కోడలి మొహం దగ్గర పట్టుకుంది. కొడుకుతో తమ భాషలో ఏదో చెప్పింది. సరిత నా చెవిలో చెప్పింది. ఆపకుండా మాట్లాడు, ఏం తిన్నవో చెప్పు, ఏం పని చేస్తున్నవో చెప్పు, నేను ఆపుమనేదాక నీ గొంతు ఆగొద్దు అంటోందట.

తర్వాత నావైపు తిరిగింది. "వాడు మాట్లాడుతుండగనే కొయ్యి" అంది.

నాకు అర్థమైంది. డాక్టరు గారికీ అర్థమైంది, ఆయన ఏమీ అడగకుండా పిండికట్లు కోసే కత్తెర తెచ్చిచ్చారు. దాని కింది పెదవి మొండిగా ఉంటుంది, చర్మంలో గుచ్చుకోదు. అయినా ఉబ్బిన చర్మం. పాత ఎక్స్‌రే ఫిల్మ్ ఒకటి సన్నగా కత్తిరించి, గాజుకూ చర్మానికీ మధ్య మెల్లగా దూర్చాను. మోచేతి పైన ఉన్న గాజులు మాత్రమే, ఒక్కొక్కటే. మణికట్టు దగ్గరివి అంత బిగుసుకోలేదు, వాటిని ముట్టుకోలేదు. గాజు తెగిన ప్రతిసారీ ద్వాలి కళ్లు మూసుకుంది. అవతల కొడుకు పొద్దున తిన్న రొట్టెల సంగతి, మేస్త్రీ తిట్టిన తిట్లు, ఎన్నో అంతస్తు స్లాబు పడుతోందో అన్నీ చెబుతూనే ఉన్నాడు. ఒక దగ్గర చెప్పడానికేమీ దొరక్క ఆగిపోయాడు. "పాట పాడు" అని ద్వాలి గద్దించింది. ఈసారి తెలుగులోనే అంది. పాపం, ఆ ఇనుప మోతలో నిలబడి ఏదో పాడాడు. గొంతు చాలా ఘోరంగా ఉంది. సోన అంత తలనొప్పిలోనూ నవ్వింది.

చివరి గాజు తెగాక గోరు నొక్కాను. మెల్లగా ఎర్రబడింది. ద్వాలి తన చేతి నుంచి ఒక గాజు లాగి, నూనె కూడా రాయకుండా కోడలి ఎడమ మణికట్టుకు ఎక్కించింది. అప్పుడు గానీ కొడుకుకు ఆపమని చెప్పలేదు.

ఎడమ మోచేతి పైన ఖాళీ అయింది కదా, డాక్టరు గారు మామూలు పట్టీ ఆ చేతికి చుట్టి బీపీ చూశారు. మాత్ర ఇంకా పని మొదలుపెట్టలేదు. నూట డెబ్బై, నూట పది. ఆయన స్టెతస్కోప్ చెవుల్లోంచి తీసి నావైపు చూసి, "మీరు ఫోన్‌లో చెప్పిందే కదా సిస్టర్" అన్నారు. అంతే. ముప్పై ఏళ్ల పైన సర్వీసులో శాలువాలు కప్పారు, ప్రశంసాపత్రాలు ఇచ్చారు, అవి ఆ బీరువాలో ఎక్కడున్నాయో కూడా నాకు తెలియదు. ఆ మాట మాత్రం నాకు ఇప్పటికీ గర్వంగానే ఉంది. గర్వం అనే రాయి, తగ్గించి రాయకు.

జిల్లా దవాఖానలో ఆ సాయంత్రమే ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఈ జబ్బుకు అసలు మందు కాన్పే. మాయ బయటికి వస్తేనే తగ్గడం మొదలవుతుంది, అదీ వెంటనే కాదు, కాన్పు తర్వాత కూడా కొన్నాళ్లు బీపీ చూస్తూనే ఉండాలి. ఆడపిల్ల. బరువు తక్కువ పుట్టింది, కొన్నాళ్లు గాజుపెట్టెలో ఉంచారు. తల్లీబిడ్డా ఇద్దరూ క్షేమంగా తండాకు పోయారు.

నెల తిరక్కుండా ద్వాలి మా ఆరోగ్య కేంద్రానికి వచ్చింది. వెంట ఇద్దరు గర్భిణుల్ని తీసుకొచ్చింది. ఇద్దరూ చీరలే కట్టుకున్నారు, చేతులు ఖాళీగానే ఉన్నాయి. నేను చేతికి పట్టీ చుట్టబోతే ద్వాలి ఒప్పుకోలేదు.

"గట్ల కాదు. మా కోడలికి చూసినట్టు కాలుకు చూడు. అదే అసలుది."

చేతికి చూసినా అదే లెక్క అని మోటరు, పైపు సంగతి మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. ఆమె పూర్తిగా నమ్మిందని నేను అనుకోను.

ఆ తర్వాత మా కింద ఉన్న ప్రతి సబ్ సెంటరుకూ వెడల్పు పట్టీ ఒకటి తెప్పించాను. ఏఎన్ఎంలు ముందు ఒకరికొకరు తొడ కొలత, చేతి కొలత పక్కపక్కన చూసుకునేలా చేశాను. నాడి దొరికే చోట్లు వేలితో చూపించమని అడిగేదాన్ని. మెడ పక్కన, మోచేతి మడతలో, మణికట్టు దగ్గర, గజ్జల్లో, మోకాలి వెనుక, చీలమండ లోపలివైపు ఎముక వెనక, పాదం మీద. పేర్లు ఇంగ్లీషులో చెప్పకపోయినా ఊరుకునేదాన్ని. వేలు సరైన చోట పడకపోతే మాత్రం ఊరుకునేదాన్ని కాదు. అందరికన్నా ముందు నేర్చుకున్నది సరిత. తర్వాత మిగతావాళ్లకు నేర్పింది కూడా తనే.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు ఆ రోజు నుంచి నేను చెప్పేది ఒక్కటే. సరిత కటింగ్ ప్లేయర్ తీసుకుపోయిన రోజు గాజులు కోసి ఉంటే అది మన పట్టీ చుట్టడానికి. నేను కోసింది ఆ అమ్మాయి చెయ్యి పోకుండా ఉండడానికి. మన వీలు కోసం అడిగేది వేరు, రోగి అవసరం కోసం అడిగేది వేరు. మొదటిదానికి వేరే దారి వెతుక్కోవాలి, శరీరంలో ఆ దారి సాధారణంగా ఉంటుంది. అలా వెతికిన తర్వాత రెండోది అడిగితే, ఎంత పట్టుదల గలవాళ్లయినా ఆలోచిస్తారు.